నెలాఖరు అప్పు - దాని అసలు ఖరీదు

జీతం మీద బతికే కుటుంబానికి నెలలో చివరి వారం గడ్డువారం. పాలవాడి బాకీ, పిల్లల ఫీజు, అకస్మాత్తుగా వచ్చిన జ్వరం - ఇవేవీ ఒకటో తేదీ దాకా ఆగవు. ఈ అవసరం మీదనే ఒక వ్యాపారం వెలసింది. జీతం అందగానే తీర్చే షరతు మీద, కొద్ది రోజుల గడువుకు ఇచ్చే చిన్న అప్పు అది. అమెరికాలో దానిని ‘పేడే లోన్’ అంటారు. మన దేశంలో అది ఫోన్‌లోని ‘లోన్ యాప్’ రూపంలో ఇంటింటికీ చేరింది.

ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్తది కాదు. కలకత్తా, బొంబాయి మిల్లుల గేట్ల దగ్గర జీతాల రోజున కాబూలీ వ్యాపారులు కర్రలతో కాచుకుని ఉండేవారు. విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ 1931లో సమర్పించిన నివేదికలో కార్మికుల ఋణభారాన్ని విపులంగా చర్చించింది. బాకీ వసూలుకై కర్మాగారాన్ని ముట్టడించడాన్ని నేరంగా పరిగణించాలని సూచించింది. 1934 నాటి బెంగాల్ కార్మిక రక్షణ చట్టం ఆ ఆలోచన నుంచే పుట్టింది. నేడు ఋణదాత గేటు దగ్గర నిలబడనక్కరలేదు. అతడు ఋణగ్రహీత జేబులోనే ఉన్నాడు.

నూటికి రెండు రూపాయలేనా?

తెలుగునాట వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకోవడం ఆనవాయితీ. నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. అత్యవసరంలో ఉన్నవాడికి అది భరించరానిదిగా తోచదు. కాని చిన్న అప్పులో అసలు భారం వడ్డీలో కాక, ‘ప్రాసెసింగ్ ఫీజు’ అనే పేరుతో ముందుగానే మినహాయించుకునే సొమ్ములో దాగి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు 30 రోజుల గడువుకు 10,000 రూపాయలు అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ నూటికి రెండు, అంటే 200 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 800 రూపాయలు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 144 రూపాయలు. ఫీజూ, పన్నూ ముందే కోసుకుంటే చేతికి వచ్చేది 9,056 రూపాయలే. నెల తిరిగేసరికి చెల్లించవలసింది 10,200. అంటే 9,056 రూపాయలను నెల రోజులు వాడుకున్నందుకు అయిన ఖర్చు 1,144 రూపాయలు. నూటికి రెండు కాదు, పన్నెండున్నర దాటింది. సంవత్సరానికి లెక్క కడితే సుమారు 154 శాతం.

ఒక్కసారితో ఆగితే నష్టం 1,144 రూపాయలే. కాని జీతంలో నుంచి 10,200 తీసి ఇచ్చినవాడికి మరుసటి నెల మళ్ళీ కొరత తప్పదు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తాడు. ఇలా తొమ్మిది నెలలు తిరగవేస్తే ఖర్చుల కింద చెల్లించినది 10,296 రూపాయలు అవుతుంది. అప్పు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 100 డాలర్ల అప్పుకు రెండు వారాలకు 15 డాలర్ల రుసుము సర్వసాధారణం. సంవత్సరానికి అది దాదాపు 400 శాతం. బ్రిటన్‌లో 2015 జనవరి నుంచి ఇటువంటి అప్పులకు ఒక హద్దు గీశారు. వడ్డీ, రుసుములు కలిసి రోజుకు 0.8 శాతం మించరాదు. ఎంత కాలమైనా ఖర్చుల మొత్తం అసలును దాటరాదు. మన రిజర్వు బ్యాంకు ఈ అప్పుల వడ్డీకి అటువంటి గరిష్ఠ పరిమితి విధించలేదు. దాపరికం లేకుండా ఖర్చును వెల్లడించాలనే నియమాన్నే అది ప్రధానంగా ఆశ్రయించింది.

నిబంధనలు ఎందుకు వచ్చాయి?

2020 డిసెంబరులో తెలంగాణలో యాప్ అప్పుల వసూలు వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఋణగ్రహీత ఫోన్‌లోని పేర్లన్నీ సంగ్రహించి, బంధువులకూ సహోద్యోగులకూ ఫోన్ చేసి పరువు తీయడం ఆ వసూలు పద్ధతి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. ఆ బృందం గుర్తించిన సుమారు 1,100 ఋణ యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

దాని ఫలితంగా 2022 సెప్టెంబరులో మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. 2025 మే నెలలో వాటిని సమగ్ర ఆదేశాలుగా జారీ చేశారు. వాటిలో సామాన్యుడు గుర్తుంచుకోవలసినవి ఇవి:

అప్పు సొమ్ము నేరుగా ఋణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే పడాలి. తిరిగి చెల్లించేది కూడా బ్యాంకు లేదా నమోదైన ఫైనాన్స్ కంపెనీ ఖాతాకే గాని, మధ్యవర్తి ఖాతాకు కాదు. మధ్యవర్తి రుసుమును ఋణదాతే భరించాలి.

ఒప్పందానికి ముందే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే వివరపత్రం ఇవ్వాలి. అన్ని ఖర్చులనూ కలిపిన వార్షిక శాతం అందులో ఉండాలి. అందులో లేని రుసుమును ఋణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయరాదు.

ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఫొటోలను, కాల్ వివరాలను యాప్ తాకరాదు.

తీసుకున్న అప్పు వద్దనుకుంటే, కనీసం ఒక రోజు లోపల అసలూ, ఆ కాలానికి తగిన ఖర్చూ చెల్లించి, జరిమానా లేకుండా బయటపడవచ్చు. ముందే తెలియజేసి ఉంటే సహేతుకమైన ప్రాసెసింగ్ ఫీజును మాత్రం ఋణదాత అట్టిపెట్టుకోవచ్చు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు గాని, సాయంత్రం 7 గంటల తర్వాత గాని ఫోన్ చేయరాదని 2022 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఎవరికి చెప్పుకోవాలి?

అప్పు తీసుకునే ముందే ఆ యాప్ వెనుక ఉన్న బ్యాంకు లేదా కంపెనీ పేరు తెలుసుకోవాలి. నమోదైన సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. పేరు చెప్పని యాప్‌ను అంతటితో విడిచిపెట్టడమే క్షేమం. నమోదైన సంస్థతో వివాదం వస్తే మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో తగిన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. బెదిరింపులకు దిగినవారి మీద పోలీసులకు, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు వెంటనే తెలియజేయాలి. వచ్చిన సందేశాలను చెరిపివేయక సాక్ష్యంగా భద్రపరచుకోవాలి.

యజమాని దగ్గర అడ్వాన్సు, ఉద్యోగుల సహకార పరపతి సంఘం, పొదుపు సంఘం, బ్యాంకులో బంగారం తాకట్టు - ఇవి కొంచెం ఆలస్యమైనా సాధారణంగా చౌకైన దారులు. అవేవీ అందని వేళ యాప్ అప్పు తప్పదనుకుంటే, చేతికి వచ్చేది ఎంత, తిరిగి ఇవ్వవలసింది ఎంత, ఎన్ని రోజులకు అనే మూడు అంకెలను కాగితం మీద వేసుకోవాలి. నూటికి నెలకు ఎంత పడుతున్నదో ఆ లెక్కే చెబుతుంది. ప్రకటనలోని అంకెను కాక, ఆ అంకెను చూసి నిర్ణయించుకున్నవాడు మోసపోయే అవకాశం తక్కువ.