చేప పేగులను పొడి చేయొచ్చా?

పాలేరు, వైరా జలాశయాల బొచ్చెలు, రవ్వలు ఖమ్మం అంగడికి వస్తాయి. కత్తిపీట ముందు కూర్చున్నామె నాలుగు గీతల్లో పొలుసు లేపి, కడుపు చీల్చి, పిత్తం పగలకుండా పేగులు లాగి పక్క బకెట్లో వేస్తుంది. తల మాత్రం సంచిలోకే పోతుంది. పులుసుకు తల వద్దనే ఇల్లు మన దగ్గర తక్కువ. అదే ఫ్యాక్టరీలో ముల్లు లేని కండ మాత్రమే తీస్తే చేప బరువులో సగానికి పైగా వ్యర్థమే.

ఆ బకెట్లోనూ మాంసకృత్తులున్నాయి. మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. దాన్ని చిన్న ముక్కలుగా తుంచేవి కొన్ని ఎంజైములు. ముదురు మాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి వేస్తాం కదా, అక్కడ పనిచేసేది బొప్పాయి పాలలోని పపైన్. చేపకూ దాన్నే వాడొచ్చు. వ్యర్థాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి, 50-55 డిగ్రీల వేడిలో ఎంజైము కలిపి కొన్ని గంటలు తిప్పుతారు. తర్వాత వేడిని 90 డిగ్రీల దాకా పెంచితే ఎంజైము పని ఆగిపోతుంది. ముళ్లు వడగట్టి, నూనె వేరుచేసి, మిగిలిన ద్రవాన్ని ఆరబెడితే పొడి వస్తుంది. బాగా కుదిరితే అందులో 80 శాతం దాకా మాంసకృత్తులే. తుంచడం మితిమీరితే మాత్రం పొడి చేదెక్కుతుంది. పిత్తం పగలకపోయినా సరే.

చిక్కు ఎంజైముతో కాదు, బకెట్‌తో. మన ఎండల్లో మధ్యాహ్నానికే అందులోది కుళ్లడం మొదలెడుతుంది. మనుషులు తినే పొడి కావాలంటే కోసిన వెంటనే ఐస్‌లో పెట్టి, శుభ్రంగా ఒకచోటికి చేర్చాలి. దుమ్ముగూడెం, చర్ల పల్లెల్లోనైతే ఒకటి రెండు చేపల పేగులు పెరటి కోళ్లకే చాలవు. ఇది పట్నం అంగళ్ల సమస్య.

అందుకే మనకు ముందు పనికొచ్చేది సైలేజ్ అని నా అభిప్రాయం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) పరిశోధించిన పద్ధతుల్లో ఇదొకటి. తాజా వ్యర్థాన్ని రుబ్బి, 100 కిలోలకు సుమారు 3 కిలోల ఫార్మిక్ ఆమ్లం బాగా కలిపితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అణగిపోతాయి. పేగుల్లో ఉన్న ఎంజైములే కొద్ది రోజుల్లో మొత్తాన్ని ద్రవంగా కరిగిస్తాయి. ఎంజైము కొనే ఖర్చు లేదు. ఆమ్లం ఇనప డబ్బాను తినేస్తుంది కనుక ప్లాస్టిక్ డ్రమ్ము వాడాలి. ఆమ్లం ఒళ్లు కాలుస్తుంది, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేనిదే ముట్టుకోకూడదు. వచ్చిన సరుకు చేపలకు, పందులకు, కోళ్లకు మేత. కోళ్ల దాణాలో మాత్రం కొద్దిగానే కలపాలి, ఎక్కువైతే గుడ్డుకు నీచు వాసన పడుతుంది.