నడకే మొక్కుగా మారిన నగరం

స్పెయిన్ వాయవ్య కొసన, గలీసియా ప్రాంతంలో, అట్లాంటిక్ మీదుగా వచ్చే వానలకు ఏడాదిలో చాలా కాలం తడుస్తూ ఉండే సాంతియాగో దె కొంపోస్తెలా నగరాన్ని మధ్యయుగపు కథోలికులు రోము, యెరూషలేముల సరసన నిలిపి కొలిచారు. పన్నెండుమంది అపోస్తలులలో ఒకడూ, జెబెదయి కుమారుడూ అయిన యాకోబు సమాధి ఇక్కడ ఉన్నదన్న విశ్వాసమే అందుకు కారణం. పునీత యాకోబును స్పానిషు వారు సాంతియాగో అంటారు కనుక ఊరికి ఆయన పేరే నిలిచింది. వెయ్యేళ్ళకు పైగా ఈ ఊరికి వచ్చిపోయినవారు మిగిల్చిన వర్ణనలను వరుసగా చదివితే ఒక పెద్ద మార్పు కళ్ళకు కడుతుంది. పూర్వపు యాత్రికుడు సమాధి కోసం వచ్చేవాడు, దారి అతడు పడక తప్పని కష్టం. నేటి యాత్రికులలో ఎందరో దారి కోసమే వస్తున్నారు, సమాధి ఆ దారి ముగిసే చోటు.

యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడని బైబిలు చెబుతుంది గాని, ఆయన స్పెయిన్‌లో సువార్త ప్రకటించాడనీ, ఆయన దేహాన్ని శిష్యులు పడవలో గలీసియా తీరానికి తెచ్చారనీ చెప్పేది తరువాతి కాలపు సంప్రదాయమే. 9వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పెలాయో అనే ఏకాంతవాసి అడవిలో వింత వెలుగులు చూశాడనీ, పీఠాధిపతి తెయొదొమీరో అక్కడ వెదికించగా సమాధి బయటపడిందనీ, అస్తూరియాస్ రాజు రెండవ అల్ఫోన్సో దర్శనానికి వచ్చి తొలి గుడి కట్టించాడనీ స్థలపురాణం. దీనిని చరిత్రగా అంగీకరించడానికి చాలామంది చరిత్రకారులు సిద్ధపడరు. అయినా ఆ విశ్వాసం ఎంత బలంగా వేళ్ళూనిందంటే, 997లో కోర్డోబా సేనాని అల్ మన్సూర్ ఊరిని నేలమట్టం చేసి గుడి గంటలను ఎత్తుకుపోయినా యాత్ర ఆగలేదు. నేటి కథీడ్రల్, అంటే పీఠాధిపతి ఆసనం ఉండే ప్రధాన దేవాలయం, నిర్మాణం 1075లో మొదలై 1211లో ప్రతిష్ఠ జరుపుకొంది.

ఆ యాత్ర ఎలా సాగేదో తెలిపే అపురూపమైన ఆధారం 12వ శతాబ్దపు కాలిక్స్తీనుస్ గ్రంథం. ఈ లాటిన్ రాతప్రతి ఐదవ భాగం పూర్తిగా యాత్రికులకు మార్గదర్శిని. దీనిని ఎమెరీ పికో అనే ఫ్రెంచి గురువు రాశాడని సాధారణంగా భావిస్తారు. ఏ ఏటి నీళ్ళు తాగవచ్చో, ఏవి తాగితే గుర్రాలు చస్తాయో, పడవ మునిగేటంత మందిని ఎక్కించి డబ్బు గుంజే సరంగులు ఎక్కడ ఉంటారో, యాత్రికుల నుంచి అన్యాయంగా సుంకం వసూలు చేసేవారు ఎవరో ఇందులో కోపంగానే రాసి ఉంది. గమ్యం చేరాక మాత్రం ఆ స్వరం మెత్తబడి, కథీడ్రల్ ఉత్తర ద్వారం ముందున్న నీటి కుండాన్నీ, ఆ ముంగిట యాత్రాచిహ్నమైన గవ్వచిప్పలూ, ద్రాక్షాసవపు తోలుతిత్తులూ, పాదరక్షలూ, మూలికలూ అమ్మే అంగళ్ళనూ ప్రేమగా వర్ణిస్తుంది. పుణ్యక్షేత్రం, బజారు అప్పటినుంచే కలిసి పెరిగాయి గనుక, నేటి వీధుల్లోని జ్ఞాపికల దుకాణాలను చూసి పవిత్రత చెడిపోయిందని వాపోవడం తొందరపాటే అవుతుంది.

ఇంగ్లండు నుంచి వచ్చినవారు ఎక్కువగా ఓడ ఎక్కేవారు. 1417లో బ్రిస్టల్ రేవు నుంచి బయలుదేరిన మార్జెరీ కెంప్ సాంతియాగోలో రెండు వారాలు గడిపింది. ఆంగ్లంలో తొలి ఆత్మకథగా పేరొందిన గ్రంథం ఆమెదే. 1456లో వచ్చిన విలియం వే అనే గురువు కొరూన్యా రేవులో 84 ఓడలు లెక్కపెట్టి, వాటిలో 32 తన దేశానివేనని రాసుకున్నాడు. కొరూన్యా నుంచి నగరానికి నడక సుమారు 75 కిలోమీటర్లే. నేడు కథీడ్రల్ వారు ఇచ్చే యాత్రాపత్రం పొందాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, సైకిలు మీదైతే 200 కిలోమీటర్లు రావాలి; దూరం ఒక్కటే కొలిస్తే 15వ శతాబ్దపు ఓడ యాత్రికులకు ఆ పత్రం చేతికి రాదు. ఆ కాలం వారిని ఎవరూ తక్కువ యాత్రికులుగా చూడలేదు, ఎందుకంటే అప్పుడు లెక్కకు వచ్చినది చేరడమే.

నడక ముందుకు వచ్చింది యాత్ర దాదాపు అణగారిన తరువాతే. 1589లో డ్రేక్ నాయకత్వంలోని ఇంగ్లీషు నౌకాదళం కొరూన్యాపై దాడి చేసినప్పుడు సమాధి నుంచి తీసి భయంతో దాచిన అస్థికల జాడ మూడు శతాబ్దాల పాటు తెలియకుండా పోయి, 1879 తవ్వకాల్లో దొరికింది. అవి యాకోబువేనని 1884లో పదమూడవ లియో పోపు ప్రకటించారు. అయినా 1980ల తొలినాళ్ళలో కాలినడకన వచ్చేవారు మామూలు ఏడాదిలో కొన్ని వందలకు మించలేదు. ఓ సెబ్రేయిరో అనే కొండ ఊరి గురువు ఎలియాస్ వాలీన్యా పాత బాటను అంగుళం అంగుళం వెదికి, 1984 నుంచి పసుపు రంగు బాణం గుర్తులు వేయించారు. 1985లో నగరం, 1993లో స్పెయిన్‌లోని బాట యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. 2024లో యాత్రాపత్రం అందుకున్నవారు దాదాపు 5 లక్షలు. ఇంతటి పునరుజ్జీవనానికి ఒక పల్లె గురువు పట్టుదల పునాది కావడం ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా గొప్ప విషయం.

నేటి యాత్రికుడి చేతిలో దారిపొడవునా సత్రాల్లో, గుళ్ళలో ముద్రలు వేయించుకునే యాత్రాపుస్తకం ఉంటుంది. ఊరి శివారులోని మోంతే దో గోసో, అంటే ఆనందగిరి, పూర్వం గోపురాలు తొలిసారి కనిపించే చోటు. 17వ శతాబ్దపు బొలోన్యా గురువు దొమేనికో లాఫీ అక్కడ మోకరిల్లి కృతజ్ఞతాగీతం ఎత్తుకున్నా, కన్నీళ్ళు అడ్డుపడి కొన్ని చరణాలకు మించి పాడలేకపోయానని రాశాడు. ఇప్పుడు ఆ కన్నీళ్ళు మరికొంత ముందుకు జరిగి, కథీడ్రల్ పడమటి ముఖద్వారం ఎదుటి ఒబ్రదోయిరో చౌకులో రాలుతున్నాయి. వీపు సంచి తలకింద పెట్టుకుని రాళ్ళ మీద వెల్లకిలా పడుకునేవారు, అపరిచితులను కౌగిలించుకునేవారు, ఇక రేపు నడవనక్కరలేదన్న ఆలోచనకు దిగులుపడేవారు అక్కడ రోజూ కనిపిస్తారు. పత్రం ఇచ్చే కార్యాలయంలో యాత్ర ఉద్దేశమేమిటని అడుగుతారు. భక్తితోనో ఆత్మాన్వేషణతోనో వచ్చామన్నవారికి పేరు లాటిన్‌లో రాసిన పత్రం, కాదన్నవారికి వేరే స్వాగతపత్రం లభిస్తాయి. నిజం చెప్పినవారిని గడప దగ్గర ఆపకుండా, వారికీ ఒక కాగితం సిద్ధం చేసిన ఈ మర్యాద మెచ్చదగినది.

లోపల పాత ఆచారాలలో కొన్ని మిగిలాయి, కొన్ని మారాయి. ప్రధాన పీఠం వెనుక మెట్లెక్కి యాకోబు విగ్రహాన్ని వెనుకనుంచి హత్తుకోవడం, దిగువ నేలమాళిగలో వెండి పేటిక ముందు ప్రార్థించడం సాగుతున్నాయి. మాతేవ్ అనే శిల్పాచార్యుడు చెక్కిన మహిమాద్వారంలో, యెష్షయి వంశవృక్షం మలచిన నడిమి స్తంభంపై లక్షల చేతులు ఆని ఆని ఐదు వేళ్ళ గుంటలు పడ్డాయి. 1188 నాటి తేదీ చెక్కిన ఆ ద్వారాన్ని నేడు ఎవరూ తాకరాదు. దీర్ఘకాలం సాగి 2018లో ముగిసిన మరమ్మతుల్లో శిల్పాల పాత రంగులు మళ్ళీ వెలుగు చూశాయి గనుక ఆ నిషేధం సబబే, అయినా రాతిని తాకి ప్రార్థించే హక్కు పోవడం యాత్రికుడికి నిజమైన నష్టం. ఎనిమిదిమంది మోకులు లాగి ఊపే 53 కిలోల సాంబ్రాణి ధూపపాత్ర, బొతాఫుమేయిరో, కొన్ని పండుగ రోజుల్లో, ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకున్న సందర్భాల్లో మాత్రమే ఊగుతుంది; మధ్యాహ్న దివ్యబలిపూజకు దానికోసమే వచ్చి నిరాశపడేవారు ఎందరో.

పాత పట్టణంలో ఏళ్ళుగా కాపురముంటున్నవారికి యాత్రికుల రద్దీ భారంగా ఉంది. అర్ధరాత్రి పాటలు, పర్యాటకుల బసలుగా మారుతున్న ఇళ్ళు, అద్దెల పెరుగుదల వారి నిత్య ఫిర్యాదులు, వాటిని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆ రద్దీ మరింత పెరిగే ఏడాదులూ ఉన్నాయి: యాకోబు పండుగ అయిన జూలై 25 ఆదివారం నాడు వచ్చే సంవత్సరాన్ని పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు, తరువాతిది 2027. ఆ ఏడాది కింతానా చౌకు వైపున్న పవిత్రద్వారం తెరుస్తారు. కథోలిక సంప్రదాయం ప్రకారం పాపాలు క్షమించబడిన తరువాత కూడా మిగిలే శిక్ష నుంచి సంపూర్ణ విముక్తి అప్పుడు లభిస్తుంది. అందుకు సమాధి దేవాలయాన్ని దర్శించాలి, ప్రార్థించాలి, పాపసంకీర్తనం చేయాలి, దివ్యసత్ప్రసాదం స్వీకరించాలి. ఆ షరతులలో నడక లేదు. మోకాళ్ళు సహకరించని ముసలమ్మ బస్సులో వచ్చి దిగినా, పిరనీస్ పర్వతాలు దాటి నెలకు పైగా నడిచి వచ్చినవారు పొందేదే పొందుతుంది.