నర్సింగ్ హోమ్‌లో మందుల అల్మారా ఎలా ఉండాలి? స్ట్రిప్ మారితే ప్రాణాలకే ముప్పు!

2019 మార్చి.. హైదరాబాద్ నాంపల్లిలోని అర్బన్ హెల్త్ సెంటర్‌లో పసిపిల్లలకు టీకాలు వేశారు. జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వాల్సింది పోయి, ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలు ఇచ్చేశారు. చిన్నారుల ప్రాణాలు పోయాయి. చాలామందిని నీలోఫర్ ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

అది సర్కారు సెంటర్. కానీ మాత్రలు మారిపోయే ముప్పు ఇబ్రహీంపట్నం లాంటి టౌన్‌లలోని చిన్న నర్సింగ్ హోమ్‌లకూ ఉంటుంది. ఇంజెక్షన్లు, మాత్రలు, ఎమర్జెన్సీ ట్రే అన్నీ ఒకరిద్దరు నర్సులే చూసుకునే చోట అల్మారా సర్దే తీరే మొదటి రక్షణ. మరి ఎలా సర్దాలి?

ఒకేలా ఉన్నవి పక్కపక్కన వద్దు: పేరు, రంగు, ప్యాకింగ్ దగ్గరగా ఉన్న మందులను వేర్వేరు అరల్లో, పెద్ద అక్షరాల లేబుల్‌తో పెట్టాలి. స్ట్రిప్ కత్తిరించి విడి మాత్రలు డబ్బాలో వేస్తే పేరు, ఎక్స్‌పైరీ రెండూ కనిపించవు.

ఇవి తాళంలోనే: మార్ఫిన్ లాంటి మందులకు తాళం, రిజిస్టర్ తప్పనిసరి. ట్రమడాల్ కూడా 2018 నుంచి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం పరిధిలో ఉంది. తాళం ఎవరి దగ్గర ఉంది, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి.. డ్యూటీ మారిన ప్రతిసారీ లెక్క తేలాల్సిందే.

పొటాషియం క్లోరైడ్‌తో జాగ్రత్త: దీన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. పొరపాటున నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకే మామూలు ఇంజెక్షన్ల ట్రేలో అస్సలు ఉండకూడదు.

ఫ్రిజ్ మందులకే: తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే. అదే ఫ్రిజ్‌లో టిఫిన్ బాక్సులు, వాటర్ బాటిళ్లు పెడితే డోర్ తీసినప్పుడల్లా చల్లదనం పోతుంది. లోపల థర్మామీటర్ పెట్టి, రోజుకు రెండుసార్లు రాసుకోవాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన దగ్గర, కరెంట్ పోతే బ్యాకప్ ఏంటో ముందే చూసుకోవాలి.

పేషెంట్ వెంట ఉన్నవాళ్లు ఏం చేయాలి?: ఇంజెక్షన్ వేసే ముందు పేరు, ఎక్స్‌పైరీ చూపించమని అడగండి. డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చిన స్ట్రిప్‌లను చీటీతో సరిచూసుకోండి. సగం చించిన స్ట్రిప్, పేరు లేని మాత్రలు ఇస్తే తీసుకోవద్దు. మందుల నాణ్యతపై అనుమానం ఉంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969కు ఫోన్ చేయొచ్చు.