విల్లు పట్టిన కంటికి అద్దం అడ్డా?

* గురి తప్పితే తప్పు చేతిదే కానక్కర్లేదు.. చూపుదీ కావచ్చు
* కళ్లజోడు తీసి పక్కన పెట్టడం పరిష్కారం కాదు
* ఫ్రేము, నిలబడే తీరు సరిచూసుకుంటే చాలు

సీతంపేట: మన్యంలో విల్లంబులది తరతరాల చరిత్ర. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీలో సవరలు, జాతాపులు, గదబలకు ఒకప్పుడు విల్లు ఇంటి సామగ్రిలో ఒకటి. సవర చిత్రకళలో విల్లు ధరించిన మనిషి బొమ్మకు నేటికీ చోటుంది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవి జంతువుల వేట శిక్షార్హమైంది. వేట పోయినా విద్య పోలేదు. పండగ వేడుకల్లో, ప్రదర్శనల్లో, క్రీడా పోటీల్లో విల్లు నిలిచే ఉంది. 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మొదలు శ్రీకాకుళం జిల్లాలోని మెళియాపుట్టి, మందస వరకు విస్తరించిన కొండ గ్రామాల పిల్లలకు అది తాతల నాటి ఆస్తి.

అదే పిల్లలకు బడిలో కంటి పరీక్షలు చేస్తున్నారు. చూపు మందగించిన వారికి కళ్లద్దాలు ఇస్తున్నారు. ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. విల్లు ఎక్కుపెట్టేటప్పుడు ఆ అద్దాలు ఉంచుకోవాలా, తీసేయాలా? ‘విలుకాడికి కళ్లజోడేమిటి’ అన్న చులకన ఒకవైపు, అద్దాలు పెట్టుకుంటే బాణం పక్కకు పోతోందన్న అనుభవం మరోవైపు. ఈ రెండింటి మధ్య అద్దాలు పెట్టె అడుగుకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. ఆ నష్టం విలువిద్యకు మాత్రమే పరిమితం కాదు. నల్లబల్ల మీద అక్షరం కనిపించని విద్యార్థి చదువులోనూ వెనకబడతాడు.

గురి కుదరదా.. చూపు ఆనదా?

దూరపు వస్తువు మసకగా కనిపించడాన్ని హ్రస్వదృష్టి అంటారు. సాధారణంగా ఇది బడి వయసులో మొదలై కౌమారంలో పెరుగుతుంది. కంటి గుడ్డు కాస్త పొడవుగా పెరగడంతో వెలుగు కిరణాలు కంటి వెనుక తెరపై కాకుండా దానికి ముందే కేంద్రీకృతమవుతాయి. మైనస్‌ 1 పవర్‌ ఉన్న కంటికి అద్దాలు లేకుండా మీటరు దూరం వరకే స్పష్టంగా కనిపిస్తుంది. మైనస్‌ 2 అయితే అర మీటరే. 20 మీటర్ల అవతలనున్న గురి వారికి ఒక మసక చుక్క మాత్రమే.

పుట్టుకతోనే ఇలా ఉన్న పిల్లలకు లోకం ఇలాగే ఉంటుందనిపిస్తుంది. తమ చూపులో లోపముందని వారంతట వారు చెప్పరు. ‘వీడికి గురి కుదరదు’ అని పెద్దలు తేల్చేస్తారు. కనుపాపలు చిట్లించి చూడడం, పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, తల పక్కకు వంచి చూడడం దీనికి సూచనలు.

ఇంటి వద్దే ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. మందపాటి అట్టకు సూదితో చిన్న రంధ్రం చేసి, ఒక కన్ను మూసి, ఆ రంధ్రం గుండా దూరపు వస్తువును చూడాలి. మామూలుగా మసకగా కనిపించినది రంధ్రం గుండా తేటగా కనిపిస్తే అది చాలావరకు అద్దాలతో సరయ్యే లోపమే. పక్కదారి పట్టే కిరణాలను రంధ్రం ఆపేయడమే ఇందుకు కారణం. కళ్లు చిట్లించినప్పుడు జరిగేదీ ఇదే. అయితే ఇది వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

సంప్రదాయ విల్లు తీరే వేరు

ఒలింపిక్స్‌లో వాడే ఆధునిక విల్లుకు గురి చూసేందుకు ప్రత్యేక పరికరం ఉంటుంది. వెదురు విల్లుకు అటువంటిదేమీ లేదు. విలుకాడు రెండు కళ్లూ తెరిచి గురినే చూస్తాడు. బాణం మొన, విల్లు పట్టిన చేయి చూపు అంచున మసకగా కదలాడుతుంటాయి. ఎంత ఎత్తున పట్టాలో, ఎంత లాగాలో చేతికి అలవాటుగా వస్తుంది. అంటే ఇక్కడ మెదడుకు అందే ప్రధాన ఆధారం గురి స్పష్టంగా కనిపించడమే.

గురి స్వభావం కూడా ముఖ్యం. పోటీల్లో వాడే గురి పలకపై పసుపు, ఎరుపు, నీలం వలయాలుంటాయి. మసక చూపుకైనా వాటి నడిమి భాగం తెలుస్తుంది. ఆకుల మధ్య వేలాడే కాయో, అదే రంగు చెట్టు మాను మీది చిన్న గుర్తో అయితే మసక చూపుకు అది పరిసరాల్లో కలిసిపోతుంది. కనుక సంప్రదాయ విలువిద్యలో చూపు లోపం మరింత ఇబ్బంది పెడుతుంది.

అద్దం అంచున చూస్తే..

మరి అద్దాలు పెట్టుకున్నాక బాణం పక్కకు ఎందుకు పోతుంది? ఇందుకు కారణం అద్దం పవర్‌ కాదు, దానిలోంచి చూసే చోటు.

కుడిచేతి వాటం గల విలుకాడు ఎడమ చేత విల్లు పట్టి, ఎడమ భుజం గురివైపు ఉంచి పక్కగా నిలబడతాడు. ముఖం ఎడమకు తిప్పుతాడు. మెడ పూర్తిగా తిరగదు కాబట్టి మిగిలిన వంపును కళ్లు పూరిస్తాయి. అప్పుడు కుడి కంటి చూపు అద్దంలో ముక్కువైపు భాగం గుండా, ఎడమ కంటి చూపు చెవివైపు అంచు గుండా వెళ్తుంది. కన్ను 20 డిగ్రీలు పక్కకు తిరిగితే చూపు అద్దం కేంద్రానికి దాదాపు ఒక సెంటీమీటరు దూరంగా సాగుతుంది. ఫ్రేము చిన్నదైతే కుడి కంటికి ముక్కు ఆనిక అడ్డొస్తుంది. ఎడమ కన్ను ఫ్రేము బయటి నుంచే చూస్తుంది. ఒక కంటికి తేటగా, మరో కంటికి మసకగా కనిపిస్తుంది.

అద్దం కేంద్రం తప్పి చూసినప్పుడు అది పట్టకంలా పనిచేసి వస్తువును కాస్త జరిపి చూపిస్తుంది. దీనికి నేత్ర శాస్త్రంలో సులువైన లెక్క ఉంది. కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో హెచ్చిస్తే, ప్రతి మీటరు దూరానికి వస్తువు ఎన్ని సెంటీమీటర్లు జరిగినట్లు కనిపిస్తుందో తెలుస్తుంది. పవర్‌ 4, తప్పిన దూరం ఒక సెంటీమీటరు అనుకుంటే మీటరుకు 4 సెంటీమీటర్లు. 20 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్లు. పవర్‌ 1 అయితే 20 సెంటీమీటర్లు.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తనవసరం లేదు. గురితో పాటు బాణం మొననూ అదే అద్దం గుండా, దాదాపు అదే చోట చూస్తాం కాబట్టి రెండూ కలిసే జరుగుతాయి. తేడా వచ్చేది కన్ను చూపే దిశకూ, చేతికి అలవాటైన దిశకూ మధ్య. ఆ తేడాను మెదడు సర్దుకుంటుంది.

చేయి అలవాటు పడాలి

పట్టకపు అద్దాలు పెట్టి చేత్తో ఒక వస్తువును తాకమంటే మొదట చేయి పక్కకు పోతుంది. కొన్ని ప్రయత్నాలకే సరిగ్గా తాకుతుంది. అద్దాలు తీసేయగానే ఈసారి చేయి ఎదురు దిశలో తప్పుతుంది. జర్మన్‌ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్‌ 19వ శతాబ్దంలోనే దీన్ని వివరించారు. కళ్లజోడు పెట్టుకున్న విలుకాడి అనుభవం ఇదే.

దీన్నుంచి నేర్చుకోవలసింది ఒక్కటే. ఒకరోజు అద్దాలతో, మరోరోజు అద్దాలు లేకుండా విల్లు పడితే చేతికి ఏ అలవాటూ స్థిరపడదు. కొత్త జోడు వచ్చినప్పుడు తొలి బాణాలు తప్పితే దాన్ని తీసేయకూడదు. తల ప్రతిసారీ ఒకే కోణంలో ఉంచుతూ దగ్గరి దూరం నుంచి మొదలుపెట్టి క్రమంగా వెనక్కి జరగాలి. పోటీకి ముందురోజు కొత్త అద్దాలు మార్చడం తగదు.

నిలబడే తీరు కొద్దిగా మార్చినా మేలే. పాదాలను పూర్తిగా పక్కకు కాకుండా గురివైపు కాస్త తెరిచి ఉంచితే ముఖం గురికి ఎదురుగా వస్తుంది. చూపు అద్దం నడిమికి చేరుతుంది. నారిని చెంప వరకు కాక ఛాతీ వరకే లాగే సంప్రదాయ పద్ధతిలో ముఖం మరింత ఎదురుగా ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

నారి తగిలితే ప్రమాదం

నారిని చెంపకు ఆనించి వదిలేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వింటినారి వదలగానే ఫ్రేము అంచుకు తగిలితే జోడు ఎగిరిపోవచ్చు, బాణం దారి తప్పవచ్చు. వెదురు విల్లు పాతబడి చీలితే బద్ద ముఖం మీదికి రావచ్చు. గాజు అద్దం పగిలితే ముక్కలు కంట్లో గుచ్చుకుంటాయి. ప్లాస్టిక్‌ అద్దాలు అంతకన్నా నయం. దెబ్బకు తట్టుకోవడంలో పాలీకార్బొనేట్‌ అద్దాలు మేలైనవి.

అద్దాలు ఉన్నంత మాత్రాన కంటికి పూర్తి రక్షణ ఉన్నట్లు కాదు. బాణాల ఆటలో పిల్లల కళ్లకు తీవ్ర గాయాలైన సంఘటనలను దేశంలోని నేత్ర వైద్యులు వైద్య పత్రికల్లో నమోదు చేశారు. విల్లు ఎక్కుపెట్టిన వారి ముందు ఎవరూ నిలబడకూడదన్న పెద్దల మాటకు మినహాయింపు లేదు.

చత్వారం వేరు.. శుక్లం వేరు

నలభై దాటాక వచ్చే చత్వారం దగ్గరి చూపుకు సంబంధించినది. దూరపు గురికి దానితో ఇబ్బంది లేదు. చేతి దగ్గరి బాణం మసకగా కనిపించినా సంప్రదాయ పద్ధతికి నష్టం లేదు. చదువుకునే అద్దాలు పెట్టుకుని విల్లు పడితేనే చిక్కు. దూరం మొత్తం మసకబారుతుంది. బైఫోకల్‌ అద్దాలకు కింది భాగంలో దగ్గరి చూపు పవర్‌ ఉంటుంది. తల కాస్త పైకెత్తితే గురి ఆ భాగంలో పడి చెదురుతుంది. అటువంటివారికి దూరపు చూపుకు మాత్రమే చేసిన జోడు సరైనది. శుక్లం వచ్చినవారికి అద్దాలు మార్చినా తగినంత ఫలితం ఉండదు. శస్త్రచికిత్సే మార్గం.

ప్రపంచ వేదికపై ఇద్దరు

2012 జులై 27న లండన్‌ ఒలింపిక్స్‌ ర్యాంకింగ్‌ రౌండులో దక్షిణ కొరియా విలుకాడు ఇమ్‌ డాంగ్‌ హ్యున్‌ 720కి 699 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆయన ఎడమ కంటి చూపు మన లెక్కలో 6/60. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆ కన్ను 6 మీటర్ల నుంచి చదువుతుంది. అయినా ఆయన అద్దాలు లేకుండానే, 70 మీటర్ల దూరంలోని రంగుల వలయాలను చూసి బాణాలు వేశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన టర్కీ యువకుడు మెటే గజోజ్‌ కళ్లజోడుతోనే బరిలో దిగారు. ఒకరు అద్దాలు లేకుండా, మరొకరు అద్దాలతో. ఇద్దరినీ గెలిపించినది ఒకే తీరును విడవకుండా చేసిన సాధన. అయితే ఇమ్‌ ఉదాహరణ చూసి పిల్లల అద్దాలు తీసేయించడం తప్పు. ఆయన గురి రంగుల వలయాలది, విల్లు గురి పరికరం గలది.

పోటీ నిబంధనలూ కళ్లజోడును అడ్డుకోవు. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య నియమావళి మామూలు కళ్లద్దాలను, చలువ అద్దాలను అనుమతిస్తుంది. సూక్ష్మ రంధ్రాలున్న అద్దాలు, గురికి సాయపడేలా గుర్తులు పెట్టిన అద్దాలు నిషిద్ధం. గురి చూడని కంటిని మూసేందుకు అద్దంపై పట్టీ అంటించుకోవచ్చు.

రాజస్థాన్‌ గిరిజన బాలుడు లింబారామ్‌ వెదురు విల్లుతో మొదలై 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున పాల్గొన్నారు. భారతీయ రౌండ్‌ పేరిట చెక్క, వెదురు విల్లులకు మన దేశంలో ప్రత్యేక పోటీలున్నాయి. మన కొండల పిల్లలకూ ఆ దారి తెరిచే ఉంది. చూపు పరీక్ష లేక ఎంపికలోనే వెనుదిరగడం మాత్రం జరగకూడదు.

ఇవి పాటిస్తే మేలు

* అద్దాలు చేయించుకునేటప్పుడు విల్లు పడతామని ముందే చెప్పాలి. విల్లు పట్టినట్లు నిలబడి, తల తిప్పి ఫ్రేము సరిచూసుకోవాలి.
* అద్దం వెడల్పుగా, అంచు సన్నగా, ముఖానికి దగ్గరగా ఉండే ఫ్రేము అనువైనది.
* జోడు జారకుండా వెనుక తాడు కట్టుకోవాలి. చెమట, మంచు తుడిచేందుకు మెత్తని నూలు గుడ్డ వెంట ఉంచుకోవాలి.
* రెండు చేతులూ చాచి వేళ్ల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి గురిని చూడాలి. ఒక్కో కన్నూ మూసినప్పుడు, ఏ కన్ను తెరిచి ఉంటే గురి కదలకుండా కనిపిస్తుందో అదే ప్రధాన నేత్రం. విల్లు వాటం ఎంచుకోవడంలో అది తోడ్పడుతుంది.
* ఎదిగే పిల్లల్లో పవర్‌ మారుతుంటుంది. ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి.
* కాంటాక్టు లెన్సులకు ఫ్రేము బెడద లేదు. కానీ దుమ్ము, నీటి శుభ్రత విషయంలో రాజీ పనికిరాదు. వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

పరీక్ష ఎక్కడ?

అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. బడి పిల్లలకు చూపు పరీక్ష, ఉచిత కళ్లద్దాలు అందులో భాగం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు వారికి చేసే ఆరోగ్య పరీక్షల్లో దృష్టి లోపం కూడా ఉంది. రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు తొలి దశ బడి పిల్లలకే ఉద్దేశించారు. ఆ శిబిరాల్లో అద్దాలు తీసుకున్న పిల్లల పవర్‌ ఇన్నేళ్లలో మారి ఉంటుంది. వారిని మరోసారి పరీక్షకు పంపడం తల్లిదండ్రుల, ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుల బాధ్యత.

గూడల్లో విల్లు నేర్పే పెద్దలకూ ఇందులో పాత్ర ఉంది. బాణం పదేపదే తప్పుతున్న పిల్లవాడిని మందలించే ముందు, దూరంగా ఉన్న చెట్టు మీద ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయా అని అడగాలి. పచ్చటి ముద్దలా కనిపిస్తోందని చెబితే అతడికి ముందుగా కావలసింది కంటి పరీక్ష.