గిడ్డంగి తలుపు: షట్టరు ఎన్నిక, సంరక్షణ

ట్రాక్టరు, రోటవేటరు, వరికోత యంత్రము కొని అద్దెకు త్రిప్పు రైతులును, ధాన్యము, మిరప, పసుపు నిలువచేసి ధర వచ్చినప్పుడు అమ్ము రైతులును నేడు చాల గ్రామములలో ఉన్నారు. 2020లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ మౌలిక వసతుల నిధిని ప్రారంభించిన పిమ్మట, బ్యాంకు అప్పుతో సొంత గిడ్డంగి కట్టుకొన్నవారును కలరు. పునాదికి, గోడలకు, కప్పుకు ఎంత సిమెంటు, ఎంత ఇనుము పట్టునో వీరు మేస్త్రీతో కూర్చుండి లెక్క చూచుకొందురు. తలుపు మాట వచ్చుసరికి మాత్రము ‘ఒక షట్టరు వేయించండి’ అని తేల్చివేయుదురు. గిడ్డంగి మొత్తములో దినమునకు పదిసార్లు కదలునది తలుపు ఒక్కటే. దొంగ, ఎలుక, వాన, పెనుగాలి వచ్చునదియు ఆ దారినే.

కావున షట్టరు ధర అడుగుటకు ముందు, ఆ గదిలో ఏమి ఉంచదలచితిరో నిర్ణయించుకొనుడు. యంత్రములు ఉంచు కొట్టమునకు రోలింగ్ షట్టరు వంటిది మరియొకటి లేదు. తెరచినప్పుడు పైకి చుట్టుకొనిపోవును గనుక రెక్కల తలుపువలె వాకిట చోటు ఆక్రమించదు, గాలికి కొట్టుకొనదు. కాని ధాన్యము నిలువయుంచు గదికి నేను షట్టరును మొదటి ఎంపికగా చెప్పను. షట్టరు అనేక పట్టీల కూర్పు. రెండు పక్కల చానళ్ళలోను, పైన చుట్ట ఉండు పెట్టెలోను, అడుగున గడప వద్దను సందులు ఉండియే తీరును. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలును. ఎలుకకు 12 మిల్లీమీటర్లు చాలును. పై పెట్టెలో పిచ్చుకలు గూళ్ళు పెట్టిన గిడ్డంగులను మీరును చూచియుందురు.

ఎలుకలకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. నిలువ ధాన్యములో ముక్క పురుగు పడినప్పుడు అల్యూమినియం ఫాస్ఫైడుతో పొగ పెట్టించుదురు. ఇది మనుష్యులకు ప్రాణాంతకమగు విషవాయువు. అధికారికముగా అనుమతి పొందిన నిపుణులే దీనిని వాడవలెను. రైతు స్వయముగా వాడరాదు. ఈ వాయువు తగిన మోతాదులో సాధారణముగా వారము దినములు నిలిచిననే గింజలోపలి పురుగు చచ్చును. షట్టరు సందులనుండి వాయువు కారిపోయినచో పెద్ద పురుగులు చచ్చినను గ్రుడ్లు మిగిలి, కొలది వారములలో పురుగు తిరిగి పుట్టును. పైగా ఆ వాయువు ప్రక్క ఇంటిలోనికి పోవు ప్రమాదము ఉన్నది. అందుచేత ధాన్యపు గదికి చుట్టును రబ్బరు పట్టీ బిగించిన ఇనుప రేకు రెక్కల తలుపు మేలు. ఇదివరకే షట్టరు ఉన్నచో గది మొత్తమునకు పొగ పెట్టించక, బస్తాల నెట్టుపై గాలి చొరని పట్టా కప్పి, నేల అంచుల వెంబడి ఇసుక గొట్టములు బరువుగా పెట్టించి చేయించుకొనవలెను. అప్పుడును ఆ గదిలో ఎవరును పండుకొనరాదు.

యంత్రపు కొట్టమునకు షట్టరు వేయించువారు కొలత వద్దనే సగము తప్పులు చేయుచున్నారు. ట్రాక్టరు కొలిచి తలుపు పెట్టుదురు. పై గొడుగును, పొగ గొట్టమును మరచెదరు. చుట్ట లింటలు క్రిందనే ఉండు పద్ధతిలో అమర్చినచో, అది పైనుండి అడుగు మొదలు అడుగున్నర వరకు ఎత్తును మ్రింగివేయును. పది అడుగుల ఎత్తు వదలినాము గదా అనుకొన్నవారికి దక్కునది ఎనిమిదిన్నర అడుగులే. చుట్టను లింటలుకు పైగా, గోడకు లోపలి ప్రక్కన బిగించినచో ఈ నష్టము లేదు. అయితే ఆ సంగతి గోడ కట్టుచున్నప్పుడే మేస్త్రీకి చెప్పవలెను. వరికోత యంత్రముల కోత పలక పదునాలుగు అడుగుల వెడల్పు గలది సర్వసాధారణము. కోత పలక విడదీయకుండ లోపలికి తోలదలచినవారు రెండు ప్రక్కల ఒక్కొక్క అడుగైనను అదనముగా వదలవలెను.

తరువాత రేకు మందము. అంగడివారు గేజిలలో చెప్పుదురు. గేజి సంఖ్య పెరిగినకొలది రేకు పలుచన యగునని గుర్తుంచుకొనవలెను. 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి సుమారు 0.9, 22 గేజి సుమారు 0.7 మిల్లీమీటర్లు. కేంద్ర ప్రజాపనుల శాఖ వారి నిర్దేశముల ప్రకారము మూడున్నర మీటర్ల వెడల్పు వరకు పట్టీ రేకు 0.90 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అంతకు మించిన వెడల్పునకు 1.20కి తగ్గరాదు. ‘18 గేజి’ అని బిల్లులో వ్రాసి 20 గేజి బిగించుట క్రొత్త సంగతి కాదు. రంగు వేయకముందే స్క్రూ గేజితో నాలుగైదు పట్టీలు కొలిచి చూడవలెను. ట్రాక్టరు మెకానిక్కు వద్ద ఆ పరికరము ఉండును. మొగమాటపడవలసిన పని లేదు.

సముద్ర తీరపు రైతులు రేకు మందముతో తృప్తిపడరాదు. గాలి ఒత్తిడి గాలి వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. భారతీయ ప్రమాణములలో కోస్తాకు చెప్పిన సెకనుకు 50 మీటర్ల వేగమును తీసికొన్నచో, చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడును. మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల షట్టరుపై ఇది దాదాపు 1,400 కిలోలు. అంతటి ఒత్తిడికి షట్టరు మధ్య భాగము లోపలికి వంగి, పట్టీల కొనలు ప్రక్క చానళ్ళనుండి ఊడివచ్చును. అటు పిమ్మట లోన జొచ్చిన గాలి కప్పు రేకులను క్రిందినుండి పైకి త్రోయును. తలుపు పోయినచోట కప్పు పోవుటకు కారణము ఇదియే. 1977లో దివిసీమను, 2014లో హుద్‌హుద్ నాడు విశాఖపట్టణమును చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కావున తీరప్రాంతమువారు లోతైన చానళ్ళు, పట్టీల కొనలయందు లాకులు అడిగి పెట్టించుకొనవలెను. వెడల్పు షట్టరుకు మధ్యను బిగించి తీసివేయదగిన ఇనుప స్తంభము ఒకటి చేయించి, తుఫాను హెచ్చరిక రాగానే నేలలోని గుంటలో దిగవేయవలెను.

ఇక స్ప్రింగుల సంగతి. ప్రాణాపాయము గలది ఇచ్చటనే. తొమ్మిది చదరపు మీటర్ల షట్టరు వంద కిలోలకు పైగా తూగును. దానిని ఒక్క మనిషి ఎత్తగలుగుటకు కారణము పై పైపులోని స్ప్రింగులు. షట్టరు దించినప్పుడు అవి గట్టిగా చుట్టుకొని, ఎత్తునప్పుడు విప్పుకొనుచు బరువును తాము మోయును. సగము ఎత్తున షట్టరును నిలిపి, చేయి దగ్గరగానే ఉంచి వదలి చూడుడు. అక్కడనే నిలిచినచో స్ప్రింగు సరిగా ఉన్నట్లు. దిగజారినచో స్ప్రింగు సడలినది. దానంతట అదియే పైకి లేచినచో బిగువు హెచ్చినది. సడలిన షట్టరుకు కర్ర పోటు పెట్టి క్రిందినుండి బస్తాలు మోయించుట ఊరూర కనబడుచున్నది. ఆ కర్ర ఒకనాడు జారును. దయచేసి ఆ పని చేయకుడు. పిల్లలను షట్టరు పట్టుకొని వ్రేలాడనీయకుడు. స్ప్రింగు బిగించుట, పైపు చివరల బోల్టులు విప్పుట షట్టరు పని తెలిసినవాడే చేయవలెను. వెల్డింగు పని వచ్చిన ప్రతివానికిని ఇది రాదు. పది చదరపు మీటర్లు దాటిన షట్టరుకు చేతితో ఎత్తు పద్ధతి మాని గేరు, గొలుసు పెట్టించుకొనవలెను.

సంరక్షణకు ఖర్చు స్వల్పము. ప్రక్క చానళ్ళకు గ్రీజు దట్టముగా పూయుట, అంతకంటె హీనముగా ట్రాక్టరు ఇంజనులోనుండి తీసిన పాత నూనె పోయుట వాడుకలో ఉన్నవి. ఊక, దుమ్ము ఆ జిడ్డుకు అంటుకొని ఉప్పుకాగితమువలె పట్టీలను అరగదీయును. చానళ్ళను పొడి గుడ్డతో తుడిచి, కొవ్వొత్తి మైనము రుద్దిన చాలును. పట్టీల ముడుపులలో పలుచని మిషను నూనె కొలదిగా వేయవలెను. గ్రీజు బేరింగులకే.

తుప్పు మొదట పుట్టునది అడుగు పట్టీకి. యూరియా గాలిలోని తేమను పీల్చుకొనును. పొటాషు ఎరువులోని క్లోరైడు ఇనుమును తినివేయును. ఎరువుల బస్తాలు దించిన గదిలో గడప వద్ద రాలిన గుళికలను ఆనాడే ఊడ్చివేయవలెను. నీటితో కడిగినచో అవి కరిగి చానళ్ళ అడుగునకు చేరును. గడప బయటకు వాలుగా ఉన్న వాన నీరు నిలువదు. ఏటేట తొలకరికి ముందు అడుగు పట్టీని గోకి, రెడ్ ఆక్సైడు పూసి, పైన రంగు వేయవలెను. తీరప్రాంతములలో మొదటినుండియు జింకు పూత రేకునే కొనుట లాభము.

మోటారు షట్టరులు పల్లెలకును వచ్చినవి. కరెంటు పోయినప్పుడు చేతితో నడుపు గొలుసు, అడ్డు తగిలిన వెంటనే ఆగు ఏర్పాటు లేనిదానిని ఎంత చౌకగా ఇచ్చినను తీసికొనరాదు. పొగ పెట్టించు గదికి మోటారు అసలే వద్దు. ఆ వాయువు రాగిని తినివేయును గనుక తీగలు, స్విచ్చులు త్వరలో చెడిపోవును. మీటను పిల్లలకు అందని ఎత్తున, షట్టరు పూర్తిగా కంటికి కనిపించు చోట బిగించవలెను.