పోయింది పావలా... మిగిలింది మాట!

జేబులో పావలా ఉంటే చాలు, ఒకప్పుడు పిల్లలకు పండగే. ఆ బిళ్ల ఇప్పుడు చెల్లదు. ఇంతకీ పాతిక పైసలకు ఆ పేరెలా వచ్చిందో తెలుసా?

పాత లెక్కలో రూపాయికి 16 అణాలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి వంద నయాపైసలయ్యాయి. చిక్కు అక్కడే మొదలైంది. అణాకు ఆరుంపావు పైసలు, బేడకు పన్నెండున్నర! నాలుగణాలకు మాత్రం సరిగ్గా 25 పైసలు. అందుకే బేడ మరుగున పడినా, పావలా కొత్త నాణేనికీ పాత పేరుతోనే అతుక్కుపోయింది.

మొదట్లో ఈ బిళ్లను నికెల్‌తో చేశారు. 1988 నుంచి ఖడ్గమృగం బొమ్మతో స్టెయిన్‌లెస్ స్టీలు పావలా వచ్చింది. బరువు 2.83 గ్రాములు. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందా? అయితే అది మన హైదరాబాద్ టంకశాలలో పుట్టినదే!

ధరలు పెరిగేకొద్దీ పావలాకు దొరికే వస్తువే కరవైంది. 2011 జూన్ 30 నుంచి ప్రభుత్వం దాని చలామణీని రద్దు చేసింది. అర్ధరూపాయి మాత్రం చట్టప్రకారం నేటికీ చెల్లుతుంది.

అయినా పావలా మన నోట్లోంచి పోలేదు. మహిళా పొదుపు సంఘాలకు ఇచ్చిన 'పావలా వడ్డీ' రుణాలే సాక్ష్యం. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. బిళ్ల లేకున్నా లెక్క తప్పలేదు.

పోపులడబ్బా అడుగున ఖడ్గమృగం కనిపిస్తే పారేయకండి. మీ పిల్లలకు నాలుగణాల లెక్క చెప్పడానికి పనికొస్తుంది.