కృష్ణపై ప్రొపెల్లర్ విమానాలు: ఫొటో తీసే పద్ధతి

విజయవాడ పున్నమి ఘాట్ వద్ద ప్రొపెల్లర్ విమానాలను సామాన్య ప్రజలు దగ్గరగా చూడగలిగిన సందర్భాలలో రెండు ప్రధానమైనవి. 2017 జనవరిలో బ్రిటన్‌కు చెందిన గ్లోబల్ స్టార్స్ బృందం చిన్న విన్యాస విమానాలతో కృష్ణానదిపై ప్రదర్శన ఇచ్చింది. 2024 నవంబర్ 9న ట్విన్ ఆటర్ అనే జలవిమానం, అంటే నీటిపై దిగి నీటి మీదనుంచే పైకి లేవగల విమానం, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడును ఎక్కించుకొని ఇక్కడినుంచి శ్రీశైలం వెళ్లింది. ఈ తరహా విమానం తొలిసారి ఎగిరింది 1965లోనే.

అంతకంటె పాతవాటిని చూడగోరేవారు భారత వైమానిక దళం భద్రపరచిన టైగర్‌మాత్, హార్వర్డ్, డకోటా విమానాల విన్యాసాలకోసం ఎదురుచూడాలి. వీటిలో ‘పరశురామ’ అని పేరు పెట్టిన డకోటా బ్రిటన్‌లో మరమ్మతు పూర్తిచేసుకొని 2018లో దళంలో చేరింది. 1947 అక్టోబర్ 27న సైనికులతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటాకు ఉన్న వీపీ 905 సంఖ్యనే దీనికీ ఇచ్చారు.

ఇటువంటి విమానాలను ఫొటో తీయడంలో మొదట తేల్చుకోవలసినది షట్టర్ వేగం, అంటే కెమెరాలోని తెర ఎంతసేపు తెరుచుకొని ఉండాలన్న విషయం. జెట్ విమానానికి సెకనులో వెయ్యో వంతు లేదా అంతకంటె తక్కువ సమయం చక్కగా సరిపోతుంది గాని, అదే కొలతను ప్రొపెల్లర్ విమానానికి వాడితే బ్లేడ్లు నిశ్చలంగా నిలిచిపోయి, ఇంజిన్ ఆగిన విమానం గాలిలో వేలాడుతున్నట్లు కనిపిస్తుంది. డకోటా ఇంజిన్‌కూ ప్రొపెల్లర్‌కూ నడుమ గేర్లు ఉన్నందువల్ల, మామూలు ప్రయాణ వేగంలో ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 1,200 చుట్లు, అనగా సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. సెకనులో వెయ్యో వంతులో బ్లేడు 7 డిగ్రీలు మాత్రమే కదులుతుంది. 125వ వంతులో 58 డిగ్రీల మేర కదులుతుంది. మూడు బ్లేడ్ల మధ్య కోణం 120 డిగ్రీలు గనుక 125వ వంతులో ఆ ఖాళీలో దాదాపు సగం నిండుతుంది; పూర్తి చక్రం కనిపించాలంటే 60వ వంతుకు దిగాలి.

షట్టర్ నెమ్మదించిన కొద్దీ మరొక చిక్కు వస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం సెకనులో 125వ వంతులోనే 44 సెంటీమీటర్లు ముందుకు సాగుతుంది కాబట్టి, కెమెరాను కదలకుండా పట్టుకుంటే విమానమే చెరిగిపోతుంది. పాదాలు నేలపై నిలిపి, నడుముపైన శరీరాన్ని విమానంతో సమానంగా తిప్పుతూ, బటన్ నొక్కిన తరువాత కూడా ఆ తిప్పుడును ఆపకుండా కొనసాగించే పద్ధతిని ప్యానింగ్ అంటారు. ఇందులో చాలా ఫొటోలు పాడవడం సహజం గనుక వరుసగా అనేకం తీసి, పదునుగా వచ్చినవాటిని ఎంచుకోవాలి. సెల్‌ఫోన్లు దృశ్యాన్ని ఒక్కసారిగా గాక వరుసవరుసగా నమోదు చేస్తాయి కాబట్టి వాటిలో బ్లేడ్లు కొడవళ్లలా వంగి కనిపిస్తాయి; మెకానికల్ షట్టర్ ఉన్న కెమెరాలో ఈ లోపం దాదాపు ఉండదు.

విజయవాడలో వెలుతురు విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. పున్నమి ఘాట్ నదికి ఉత్తర గట్టున ఉన్నది. ప్రదర్శనలు జరిగే చలికాలంలో సూర్యుడు దక్షిణాకాశంలో నడుస్తాడు. అందువల్ల ఘాట్‌నుంచి నదివైపు చూసేవారికి ఎండ ఎదురుగా ఉండి, విమానం నల్లని ఆకారంగా మిగిలే అవకాశం ఉన్నది. ఎక్స్‌పోజర్‌ను, అనగా కెమెరా స్వీకరించే కాంతి మొత్తాన్ని, ఒక మెట్టు పెంచితే కొంత సరిపడుతుంది. విమానం నీటికి దగ్గరగా వచ్చినపుడు నదినుంచి ప్రతిఫలించే వెలుగు దాని అడుగుభాగాన్ని చూపుతుంది. అవతలి గట్టున సీతానగరం వైపు నిలిస్తే సూర్యుడు వీపువైపుకు వస్తాడు, ఇంద్రకీలాద్రి నేపథ్యంగా నిలుస్తుంది. అయితే అక్కడ నది కిలోమీటరుకు పైగా వెడల్పు ఉన్నందున 400 మిల్లీమీటర్లకు తక్కువ లెన్స్‌తో ప్రయోజనం స్వల్పం. మధ్యాహ్నం నేలనుంచి లేచే వేడిగాలి దూరపు దృశ్యాన్ని అలలుగా కదిలిస్తుంది కాబట్టి, పొగమంచు విడిచిన తరువాతి ఉదయమూ, ఎండ వాలిన సాయంత్రమూ మేలు.

అభ్యాసానికి గన్నవరం విమానాశ్రయానికి వచ్చిపోయే ఏటీఆర్ విమానాలు చాలు. వాటి ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు ఉండి, పైకి లేచేటపుడు నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది గనుక సెకనులో 125వ వంతులోనే దాదాపు పూర్తి చక్రం వస్తుంది. అయితే ఫొటోగ్రఫీని నిషేధించిన చోట్లకూ, రక్షణ స్థావరాలకూ దూరంగా ఉండాలి. విమానాలు తిరిగే ప్రాంతంలో డ్రోన్ ఎగరవేయరాదు.

పాత విమానాలు ఎగిరే రోజులు ఏటేటా తగ్గుతున్నాయి. కనుక తీసిన ప్రతి ఫొటోతోపాటు తేదీని, స్థలాన్ని, విమానంపై రాసి ఉన్న సంఖ్యను నమోదు చేసి ఉంచాలి. ఆ వివరాలున్న ఫొటోయే రేపటి చరిత్రకారునికి ఆధారంగా పనికివస్తుంది.